నక్కకు మారిన వరస

పెయింటరు బోర్డు మీది ‘నక్క’ను సగం గీకేశాడు. ‘క్క’ పోయింది, ‘న’ మిగిలింది. మెడ తుడుచుకుని మళ్లీ రేకుముక్క పట్టాడు. ఈ అడవి అంచున జంతువుల పేర్లన్నీ అతని చేతి రాతలే. ఫలానాదాని పేరు మారిందని ఆఫీసువాళ్లు కబురు పెడితే పాతది గీకడం, కొత్తది రాయడం. జుట్టు నెరిసింది ఇందులోనే.

పక్కనే మంచె. దాని మీద దుర్భిణీతో గార్డు. ఒకప్పుడు పెయింటరు అక్కకు మొగుడు.

“ఇంతకీ ఏం తేల్చారోయ్?”

“రక్తపరీక్ష చేస్తే ఇది నక్క కాదట. తోడేలుకి దగ్గర చుట్టమట, గార్డుగారూ.”

“ఓరి వీళ్లిల్లు బంగారంగానూ! నక్కతోక తొక్కానని ఇన్నేళ్లూ మురిశానే! దానికి చెప్పారా మరి?”

“మీరే చెప్పండి. మీరిద్దరూ దోస్తులు కదా.”

దోస్తీ అంటే అలాంటిలాంటిది కాదు. ఓసారి ఆ నక్క గార్డు సిగరెట్టు పెట్టె ఎత్తుకుపోయి, మర్నాడు అగ్గిపెట్టె కోసం వచ్చి మంచె కింద నిలబడి దగ్గిందట. గార్డు ఈ కథ చెప్పిన ప్రతిసారీ నక్కకు దగ్గు కాస్త ముదిరేది. ఈమధ్య ఆ దగ్గు గార్డుకే వచ్చింది.

అక్క విడాకులు తీసుకున్న రోజున అమ్మ, “ఇవాళ్టితో వాడికీ మనకీ వరస లేదు” అంది. ఏమని పిలవాలో తోచక ఇతను ‘గార్డుగారూ’ మొదలుపెట్టాడు. అమ్మ పోయింది. అక్క వేరే కాపురంలో చల్లగా ఉంది. ఆ ‘గారు’ మాత్రం నోటికి జిగురులా అంటుకుంది. ‘బావా’ అందామని నాలుక చివరిదాకా తెచ్చుకోవడం, గుటుక్కున మింగడం.

“ఏమోయ్, నక్కకే వరస మార్చేశావు,” పైనుంచి గొంతు. “ఆ డబ్బాలో నాక్కూడా రంగేమైనా మిగుల్తుందా?”

పెయింటరు చెయ్యి ఆగింది. “ముందు దీని సంగతి కానివ్వండి,” అని నవ్వేశాడు.

‘తో’ రాశాడు. ‘డే’ రాశాడు. ‘లు’కు కొమ్ము తిప్పుతుండగా గడ్డి కదిలింది. సన్నటి కాళ్లు, బూడిద పసుపు వీపు, చిరిగిన ఎడమ చెవి. అది నింపాదిగా వచ్చి, తడి రంగు వాసన చూసి, గట్టిగా తుమ్మి, వచ్చిన దారినే పోయింది.

“చూశారా? కొత్త పేరు నచ్చినట్టు లేదు!”

నవ్వు వినపడలేదు. కునుకేమో అనుకున్నాడు.

“గార్డుగారూ!”

దుర్భిణీ పట్టీ మంచె అంచున వేలాడుతూ గాలికి ఊగుతోంది. పెయింటరు బ్రష్షు వదిలేసి నిచ్చెన పట్టుకున్నాడు. సగంలో, “బావా” అన్నాడు. పైకెక్కి భుజం కుదిపాడు. “బావా! ఓ బావా! బావా, నేనే.” ఇన్నాళ్లూ మింగినవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తున్నాయి. గుంజకు ఆనుకున్న గార్డు, రెప్ప వెయ్యకుండా, అది వెళ్లిన గడ్డివైపే చూస్తున్నాడు.

పక్కన రుమాలు మీద ఒలిచిన కమలాపండు ఉంది, సగమే. మిగిల్చిన ఆ తొనలకు, పెయింటరుకు పడని తెల్లటి పీచంతా ఓపిగ్గా తీసేసి ఉంది.