జర్కు రాకూడదు, రోడ్డు తెలియాలి

మూడోసారి కూడా భానుమూర్తిగారు బగ్గీ దిగి తల అడ్డంగానే ఊపారు.

"లేదు రాజూ. చేతికి ఏమీ తెలియడం లేదు," అన్నారు.

సాల్మన్ రాజు చేతిలోని స్పానరు బల్ల మీద పడేశాడు. కలకత్తా రేవు పక్కనున్న మెటియాబ్రుజ్‌లో దర్జీల సందు చివర షెడ్డు వేసుకుని, ముప్పై ఏళ్లుగా రేవు లారీలనూ జీపులనూ బాగుచేస్తున్న మనిషి. తండ్రి టెక్కలి నుంచి రేవు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. పనిలో రాజును వేలెత్తి చూపినవాళ్లు ఇంతవరకూ లేరు. ఈ బ్యాంకు మేనేజరుగారు మాత్రం నెల రోజులుగా అతని ప్రాణం తోడేస్తున్నారు.

భానుమూర్తిగారిది రాజమండ్రి. బదిలీ మీద కలకత్తా వచ్చి నాలుగేళ్లయింది. ఆదివారాలు నది ఒడ్డు ఇసకలోనూ బీళ్లలోనూ తిప్పుకోవడానికి ఎవరి చేతో ఈ బగ్గీ కట్టించుకున్నారు. ఇనుప గొట్టాల చట్రం, పాత మారుతి ఇంజను, లావుపాటి టైర్లు. తలుపులూ లేవు, కప్పూ లేదు.

మొదట వచ్చినప్పుడు ఆయన బొటనవేలు వాచి ఉంది. చక్రం కింద ఇటుక ముక్క పడితే చాలు, స్టీరింగ్ దానంతటదే గిర్రున తిరిగి చేతులు విదిలించేస్తోందన్నారు. రాజు బండి కింద దూరి చూశాడు. కట్టినవాడు సోకు కోసం చక్రాలను బాగా బయటికి పొడుచుకొచ్చేలా బిగించాడు. చక్రం ఎంత బయటికి ఉంటే రాయి కొట్టే దెబ్బకు అంత బలం. రాజు రిమ్ములు మార్చి చక్రాలను లోపలికి తెచ్చాడు. స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే టై రాడ్లు వంకరగా ఉంటే సమంగా దించాడు. జర్కు పోయింది.

మరుసటి ఆదివారం మళ్లీ వచ్చారు. "ఇప్పుడు చచ్చిపోయింది రాజూ. నీళ్ల కుండలో గరిటె తిప్పుతున్నట్టుంది. జర్కు రాకూడదు, కానీ రోడ్డు చేతికి తెలియాలి."

అదీ న్యాయమే అనుకున్నాడు రాజు. స్టీరింగ్ కడ్డీ మధ్య ఉన్న రబ్బరు బుష్షు తీసి ఇనుప జాయింటు వేశాడు. వదిలేస్తే స్టీరింగ్ దానంతటదే నడిమికి వచ్చేలా ముందు చక్రాల వాలు సరిచేశాడు. తనే నడిపి చూశాడు. తడి మట్టి ఎక్కడ మొదలైందో, గులకరాళ్లు ఎక్కడున్నాయో అరచేతులకు ఎవరో చెవిలో చెప్పినట్టు తెలిసింది. ముప్పై ఏళ్లలో ఇంత చక్కటి స్టీరింగ్ తన చేతి మీదుగా పోలేదు.

ఇప్పుడేమో ఈయన మళ్లీ తల ఊపుతున్నారు.

"ఇంకేటి సెయ్యమంటారు బాబూ? జర్కొద్దన్నారు, తీసేసినాను. సచ్చిపోనాదన్నారు, పేనం పోసినాను. నా సేతులకి తెలుస్తాంది గదా."

"నీ చేతులకి తెలిస్తే నాకేం లాభం? నడిపేది నేను," అన్నారు భానుమూర్తిగారు.

ఆ రోజు ఇంట్లో అన్నం సగంలో వదిలేసి లేచాడు రాజు. భార్య దయమ్మ కంచం వంక చూసింది. "ఏటయ్యా, ఆ బ్యాంకు బాబేనా?"

"ఆయనకి బండి బాగుపడ్డం ఇష్టం లేదే. ఏటో ఒక వంక గావాల."

"అలగయితే ఆయన్నే ఎక్కించి, నువ్వు పక్కన కూకోని సూడు. బండిని గాదు, ఆయన్ని సూడు."

బుధవారం బంద్ వచ్చింది. బస్సులు లేవు, దర్జీల మిషన్లు కూడా ఆగిపోయాయి. బ్యాంకు మూసేయడంతో భానుమూర్తిగారు పొద్దున్నే బగ్గీ వేసుకుని వచ్చేశారు. రేవు గోదాముల వెనక ఖాళీ మైదానంలో లారీలు లేవు. రాజు పక్కన కూర్చున్నాడు, చూస్తూ.

ఆయన గుంటలో పడ్డాక గాని వేగం తగ్గించడం లేదు. బ్రేకు మీద కాలు ఉందో లేదో వంగి చూసుకుంటున్నారు. స్టీరింగ్‌ను పిడికిళ్లు తెల్లబడేలా బిగించి పట్టుకుంటున్నారు. బురద దగ్గర బండి ఆపి దిగి, పది అడుగులు నడిచి వెనక్కి తిరిగారు.

"చూశావా? ఏమీ లేదు," అన్నారు.

ఆయన ఎడమ కాలికి చెప్పు లేదు. అది మూడు అడుగుల వెనక బురదలో దిగబడి ఉంది.

"బాబూ, మీ సెప్పు."

ఆయన కిందికి చూసుకుని నవ్వేశారు. "ఊడిపోయిందా? ఈ మధ్య తరచూ ఇంతే. వదులైపోయింది."

రాజు ఆ చెప్పు వంకా, ఆయన చేతుల వంకా చూశాడు. జేబులోంచి సన్నటి రాగి తీగ ముక్క తీశాడు.

"కళ్లు మూసుకోండి బాబూ. ఏలు మీద ఇది పెడతాను. పెట్టినప్పుడు సెప్పండి."

ఆయన చిరాకు పడుతూనే కళ్లు మూసుకుని చెయ్యి చాచారు. రాజు తీగను చూపుడు వేలి కొన మీద ఆనించి అటూ ఇటూ రాశాడు.

"పెట్టు మరి. ఎంతసేపు?" అన్నారు భానుమూర్తిగారు.

రాజు తీగ తీసేశాడు. ఎలా చెప్పాలో తెలియక ఉన్నదున్నట్టు చెప్పాడు. "రోగం బండిలో లేదు బాబూ. ఒకపాలి డాక్టరుకి సూపించండి. సుగరేమో."

భానుమూర్తిగారి మొహం ఎర్రబడింది. "పదేళ్లుగా ఉంది షుగరు. మాత్రలు వేసుకుంటున్నాను. నిన్ను చూడమన్నది బండిని రాజూ, నన్ను కాదు."

బురద కాలితోనే బగ్గీ ఎక్కి వెళ్లిపోయారు. వారం తర్వాత ఒక లారీ డ్రైవరు చెప్పాడు: హౌరాలో ఏదో షెడ్డులో పాత రిమ్ములు మళ్లీ బయటికి బిగించారట, బాబు ఇప్పుడు చాలా బాగుందంటున్నాడట. రాజుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రాయి కొట్టిన దెబ్బ ఒక్కటే ఆయన చేతికి అందుతోంది మరి. చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరయింది. దయమ్మ దగ్గర రెండు రోజులు తిట్టి ఊరుకున్నాడు.

నాలుగు నెలల తర్వాత బగ్గీ షెడ్డు ముందు ఆగింది. నడుపుతున్నది అద్దె డ్రైవరు. పక్క సీట్లోంచి చేతికర్ర సాయంతో భానుమూర్తిగారు దిగారు. ఎడమ కాలికి గుడ్డ బూటు. పాదంలో మేకు దిగితే మూడు రోజులు తెలియలేదని, రెండు వేళ్లు తీసేశారని నిదానంగా చెప్పారు. క్షమాపణ అడగలేదు. రాజు కూడా ఎదురుచూడలేదు.

"నువ్వు చేసినట్టే మళ్లీ చెయ్యి," అన్నారు.

"మీరు నడపలేరు గదా బాబూ."

"నువ్వు నడుపు. నేను కూర్చుంటాను."

రెండు రోజులు పట్టింది. రిమ్ములు లోపలికి వచ్చాయి, వాలు కుదిరింది. మూడో రోజు రాజు ఆయన్ని ఎక్కించుకుని మైదానంలోకి తీసుకెళ్లాడు.

"ఇప్పుడేం తెలుస్తోంది?" అని అడిగారు భానుమూర్తిగారు.

"ఇసకండి."

"అది కళ్లకి కనబడుతూనే ఉంది. చేతికెలా ఉంది?"

"మెత్తగా ఉంటాదండి."

"మెత్తగా అంటే? దూదిలాగా? తడి బట్టలాగా?"

రాజు నోరు తెరిచాడు. దూదీ కాదు, బట్టా కాదు. అరచేతుల్లో అంత స్పష్టంగా ఉన్నది నాలుక దగ్గరికి వచ్చేసరికి జారిపోతోంది. తన మీద తనకే కోపం వచ్చింది.

"సెప్పలేనండి," అన్నాడు.

"సరే, ఇంకోసారి తిప్పు," అన్నారు భానుమూర్తిగారు.

రాజు పళ్లు బిగించి, బండిని మళ్లీ అదే ఇసక మీదికి మళ్లించాడు.