వాయిదా పడిన కప్పు

సిగా ఫాయ్ ఇంట్లో బియ్యం డబ్బా పక్కన ఒక కప్పు ఉంటుంది. టీ తాగే కప్పు కాదు. రెండు చెవులతో, మోకాలెత్తున, వెండి పూత అక్కడక్కడా లేచిపోయి లోపలి ఇత్తడి కనబడుతున్న కప్పు. ఆఫ్రికా ఖండం మొత్తం మీద ఆడపిల్లల బాస్కెట్‌బాల్ క్లబ్బుల్లో ఏది గొప్పదో తేల్చిన కప్పు. ఇంటికొచ్చినవాళ్లు కొందరు దాన్ని చూసి గొడుగులు పెట్టుకోవడానికి బాగుందే అంటారు. అలాంటివాళ్లకి సిగా రెండో గ్లాసు టీ పోయదు.

నిజానికి ఆ కప్పు సిగాది కాదు. ఆ మాటకొస్తే ఎవరిదీ కాదు. గెలిచిన క్లబ్బు మళ్లీ పోటీలు వచ్చేదాకా దాన్ని భద్రంగా దాచాలి. పోటీల మొదటి రోజున కెప్టెన్ తన చేతులతో తెచ్చి బల్ల మీద పెట్టాలి. అదీ కట్టుబాటు. డకార్ ఓడరేవు క్లబ్బు ఆఖరుసారి గెలిచినప్పుడు కెప్టెన్ సిగా. మరుసటి ఏడు పోటీలు వాయిదా పడ్డాయన్నారు. ఆ పై ఏడూ అదే మాట. తర్వాత తర్వాత వాయిదా అని చెప్పే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది. క్లబ్బు మూతబడింది. ఆఫీసు ఉన్నచోట ఇప్పుడు టైర్ల కొట్టు నడుస్తోంది. కానీ పోటీలు రద్దు చేశామని ఈనాటికీ ఒక్కరు నోరు తెరిచి అనలేదు. అననంత కాలం కప్పు తన దగ్గర అప్పగింత మీద ఉన్నట్టేనని సిగా పట్టుదల. ఏటా బక్రీదు ముందు చింతపండు పెట్టి తోముతుంది. మనవరాళ్లు చాటుగా నవ్వుకుంటారు. నవ్వుకుంటే నవ్వుకోనీ, వాళ్లకేం తెలుసు?

ఆ పోటీలంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు. ఖండం నలుమూలల నుంచీ జట్లు ఒకే ఊరికి వచ్చి వారం రోజులు ఉండిపోయేవి. మపూటో పిల్లలు సంచుల నిండా జీడిపప్పు తెచ్చేవారు. అబిజాన్ పిల్లలు కర్రపెండలం తురుమూ ఎండుమిరపకాయలూ తెచ్చుకుని, మన వంట చప్పగా ఉందని మూతి తిప్పేవారు. కిన్షాసా పిల్లలు బస్సులో పాట మొదలుపెడితే డ్రైవరు దారి తప్పేవాడు. బమాకో జట్టు ఒకసారి విమానానికి డబ్బు చాలక రైలెక్కి వచ్చింది. పట్టాల మీద పగళ్లూ రాత్రుళ్లూ ఊగి ఊగి దిగిన పిల్లలు, ఆ సాయంత్రమే ఆడి గెలిచారు కూడా. హాలు పైకప్పు రేకులది. లోపల ఉడికిపోయేది. డప్పులవాళ్లు మొదటి వరుసలో కూర్చుని ఊళ్లో పెళ్లిళ్లు మానుకుని మరీ వాయించేవారు.

పోటీలు అయిపోయిన రోజున అందరూ ఎడమ చేతులు కలుపుకుని విడిపోయేవారు. డకార్‌లో అది ఆనవాయితీ. ఎడమ చెయ్యి ఇవ్వడం తప్పు, మరి ఆ తప్పు దిద్దుకోవాలంటే మళ్లీ కలిసి కుడి చెయ్యి ఇవ్వాలిగా. దూరం పోయేవాళ్లకి, మళ్లీ చూడాలనుకునేవాళ్లకి ఇక్కడ ఎడమ చెయ్యే ఇస్తారు. మిగతా ఊళ్ల పిల్లలు కూడా అది నేర్చుకున్నారు. ఆఖరుసారి విమానాశ్రయంలో ఎన్ని ఎడమ చేతులు కలిపిందో సిగాకి గుర్తులేదు. వాటిలో ఒక్క తప్పూ దిద్దుకోవడం కాలేదు. 

ఆ జట్టులో సిగాకి కుడి భుజం లాంటిది సున్కారు బాజీ. దక్షిణాన కజమాన్స్ నుంచి వచ్చిన జోలా పిల్ల. సిగా సెరేర్ పిల్ల. సెరేర్లకీ జోలాలకీ మధ్య ఉన్నది వేళాకోళాలాడుకునే వదినా మరదళ్ల వరస లాంటిది. ఎప్పుడో ఇద్దరు అక్కచెల్లెళ్లు ఎక్కిన పడవ నడిమికి విరిగి, చెరొక ముక్కా చెరొక ఒడ్డుకి కొట్టుకుపోయిందట. వాళ్ల సంతానమే ఈ రెండు జాతులూ. అందుకని సెరేరు కనబడితే జోలా ఏడిపించాలి, జోలా కనబడితే సెరేరు ఏడిపించాలి. దాసీ అనొచ్చు, దొంగా అనొచ్చు. ఇంట్లోకొచ్చి నచ్చిన వస్తువు నాదే ఇచ్చెయ్యమనొచ్చు. కోపం తెచ్చుకున్నవాళ్లే తక్కువవాళ్లవుతారు.

ఈ వరసను సిగా, సున్కారు ఎంతదూరం తీసుకెళ్లారంటే, ఆటలో బంతి విసిరితే దానితోపాటు ఒక తిట్టు కూడా విసిరేవారు. విదేశం నుంచి వచ్చిన కోచ్ సారు ఒకాయన వీళ్లకి పడదు కాబోలుననుకుని ఇద్దరినీ వేరువేరు గదుల్లో పెట్టాడు. మళ్లీ ఒకే గది ఇచ్చేదాకా ఇద్దరూ అన్నం ముట్టలేదు. ఆ సారు జుట్టు పీక్కున్నాడు.

ఆ ఆఖరు పోటీల్లో కిన్షాసాతో సెమీఫైనల్. గీత దాటిపోతున్న బంతి కోసం సున్కారు గాల్లోకి లేచింది. వెనక్కి చూడకుండానే బంతిని తల మీదుగా సిగాకి విసిరి, వెళ్లి డప్పులవాళ్ల మీద పడింది. సిగా ఆ బంతిని బుట్టలో వేసింది, జట్టు గెలిచింది, సున్కారు మోకాలు పోయింది. ఫైనల్ రోజున ఆమె ఆసుపత్రిలో రేడియోకి చెవి అంటించుకుని ఉంది. గెలిచాక కప్పు మంత్రిగారి విందులనీ, పత్రికల ఫొటోలనీ ఊరంతా తిరిగింది. సిగా చేతికొచ్చి ఆసుపత్రికి పరుగెత్తేసరికి మంచం ఖాళీ. వాళ్ల నాన్న వచ్చి సున్కారుని ఓడ ఎక్కించి ఊరికి తీసుకుపోయాడు. వచ్చే ఏడు మనమే గెలుస్తాం, అప్పుడు అందరికన్నా ముందు నువ్వే ఎత్తాలి అని సిగా కబురు పంపింది. ఆ వచ్చే ఏడు రానే లేదు. సున్కారు ఆ కప్పుని ఒక్కసారీ ముట్టుకోలేదు.

ఆ తర్వాత పెళ్లిళ్లకీ పురుళ్లకీ సున్కారు డకార్ వచ్చినప్పుడల్లా గుమ్మంలోంచే మొదలుపెట్టేది. దొంగముఖమా, నా కప్పెక్కడ? నా మోకాలు అమ్మి కొన్న కప్పు, ఇచ్చెయ్యి. సిగా తక్కువ తిన్నదా? ముందు మీ అమ్మమ్మ విరగ్గొట్టిన పడవ తెచ్చి ఇవ్వమనేది. ఇల్లంతా నవ్వులు. ఇన్నేళ్లలో ఆ పాట ఒక్కసారి కూడా మారలేదు.

మొన్న వర్షాల ముందు సిగా ముని మనవరాలికి పేరు పెట్టిన రోజున సున్కారు పిలవకుండానే వచ్చింది. చిక్కిపోయింది. ప్రయాణపు బడలికేలే అనుకున్నారు. చేపల అన్నం పళ్లెం చుట్టూ అందరూ కూర్చున్నాక, తన వైపు అన్నాన్ని వేళ్లతో కదుపుతూ కూర్చుంది. టీ మూడో గ్లాసు, అన్నిటికన్నా తియ్యనిది, వచ్చేవేళకి లేచి నిలబడింది.

"సిగా, ఆ కప్పు నాకిస్తావా? ఈసారి నిజంగానే అడుగుతున్నా," అంది.

నిజంగానే అడుగుతున్నా అన్నందుకు అందరూ ఇంకా గట్టిగా నవ్వారు. సిగా తడుముకోలేదు. "దాసీలకి వెండి ఎందుకే? వచ్చే పోటీల్లో గెలిచి పట్టుకుపో," అంది. సున్కారు కూడా నవ్వింది. చంటిపిల్ల నుదురు నిమిరి, ఓడ వేళయిందని కుంటుకుంటూ వెళ్లిపోయింది.

మూడో రోజున సున్కారు కూతురు కాదియా ఊరి నుంచి ఫోన్ చేసింది. అమ్మ డకార్ వచ్చింది పేరంటానికి కాదట, పెద్దాసుపత్రిలో పరీక్షలకట. జబ్బు ముదిరిపోయిందన్నారట. ఇక్కడే ఉండి మందులు వాడమంటే వద్దని, ఊరెళ్లిపోతానని పట్టుబట్టిందట. "పెద్దమ్మా, అమ్మ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఒకటే అడుగుతోంది. సిగా ఏమైనా పంపిందా అని. ఏం పంపాలి?" అంది ఆ పిల్ల.

సిగా ఫోన్ పట్టుకుని బియ్యం డబ్బా పక్కనే చతికిలబడింది. ఇన్నేళ్లలో సున్కారు తనని పేరు పెట్టి పిలిచింది ఆ ఒక్కరోజే. దాసీ అనలేదు, దొంగా అనలేదు. చెవులుండీ తాను వినలేదు. నిజం చెప్పాలంటే ఇలాంటివాళ్లకి వేళాకోళం తప్ప వేరే భాష లేదు. ఆ భాషలో నిజంగా కావలసింది అడిగితే ఎవరికి తెలుస్తుంది? తనని తానే తిట్టుకుంటూ కప్పుని దగ్గరికి లాక్కుని, చింతపండు నానబెట్టింది. పండగ ఇంకా చాలా దూరముందని మనవరాలు అనబోయి, ఆమె ముఖం చూసి ఊరుకుంది.

దక్షిణానికి పోయే ఓడలో సిగా కప్పుని పాత దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. పక్క సీటావిడ పెళ్లివారి గిన్నె కాబోలుననుకుని సంబంధం ఎక్కడని అడిగింది. పొద్దున ఓడ నదిలోకి మళ్లి మడ అడవుల మధ్య నెమ్మదిగా పోతుంటే, సిగా ఒకటే మాట నోట్లో తిప్పుకుంటూ కూర్చుంది. ఈసారి వేళాకోళం ఆడకూడదు. తిన్నగా, మెత్తగా చెప్పాలి. మనిషి నిజంగా అడిగినప్పుడు నిజంగా ఇవ్వాలి.

జిగించోర్ రేవులో దిగి, ఊరి బండి పట్టుకుని చేరేసరికి మధ్యాహ్నమైంది. సున్కారు మామిడిచెట్టు నీడన చాప మీద, దిండుకి ఆనుకుని ఉంది. వంటింట్లోంచి నిమ్మరసం పిండిన చేపల పులుసు వాసన వస్తోంది. సిగా ఆమె ఎదుట కూర్చుని, దుప్పటి విప్పి, కప్పుని ఆమె ఒళ్లో పెట్టింది.

"సున్కారూ, ఇది నీదే. నీ దగ్గరే ఉంచుకో," అంది. ఓడలో నేర్చుకున్న గొంతే, ఎంత మెత్తగా అనుకుందో అంత మెత్తగా.

సున్కారు కప్పు వైపు చూడలేదు. సిగా ముఖంలోకే చూసింది. ఉన్న కాస్త రంగూ ఆమె బుగ్గల్లోంచి దిగిపోయింది.

"నన్ను తిట్టలేదేమే? పేరు పెట్టి పిలిచావు, ఇది నీదే అన్నావు. కాదియా నీకు చెప్పేసిందన్నమాట. డాక్టరు చెప్పినప్పుడు కూడా నాకింత భయం వెయ్యలేదు."

సిగా ఒకసారి వేళాకోళమనుకుని తప్పు చేసింది. ఇప్పుడు వేళాకోళం మానేసి అంతకన్నా పెద్ద తప్పు చేసింది. ఇన్నేళ్ల తిట్లు ఆపేసిందంటే ఎదుటి మనిషిని పాడె ఎక్కించినట్టే కదా. కళ్లలోకి వచ్చిన నీళ్లని మింగేసి, కప్పు చెవి పట్టుకుని తనవైపు లాగింది.

"ఎవరిచ్చారే నీకు? ఊరికే ఇవ్వడానికి నేనేమైనా జోలాదాన్నా? నాకు నడుం నొప్పి. ఇన్నేళ్లూ నేను మోశాను, ఇక నువ్వు మోయి. వచ్చే పోటీలకి నువ్వే తెచ్చి బల్ల మీద పెట్టాలి. ఒక్క సొట్ట పడిందో, మీ వాళ్లందరినీ మా ఇంట్లో గిన్నెలు తోమిస్తా."

సున్కారు భుజాలు కదిలాయి. నవ్వుతోంది.

"పోటీలు ఎక్కడ పెడుతున్నారు?"

"కిన్షాసాలో."

"అయితే నేను రాను. నా మోకాలు విరగ్గొట్టింది వాళ్లే."

"విరగ్గొట్టింది డప్పులవాళ్లు. ఊళ్లో బియ్యమంతా తిని కూడా పుల్లలా ఉన్నావు. నువ్వు రాకపోతే వాళ్లకేం లోటు?"

చిక్కిపోయావన్న మాట ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేకపోతున్న మాట. సిగా అనేసింది. గుమ్మంలో నిలబడ్డ కాదియా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సున్కారు మాత్రం కడుపు పట్టుకుని నవ్వి, దాసీదానా, నన్ను లేపు అంది. సిగా భుజం పట్టుకుని, మంచి కాలి మీద బరువు వేసి నిలబడింది. కప్పుని రెండు చేతులతో పట్టుకుంది. కప్పు ఛాతీ దాకా లేచి అక్కడ ఆగిపోయింది. సిగా కింద చేతులు పెట్టి పైకి తోసింది. తల మీదికి వెళ్లింది కప్పు. డప్పులూ లేవు, మంత్రీ లేడు, మామిడాకుల్లోంచి పడ్డ ఎండ వెండి మీద తళతళలాడింది. ఇద్దరూ ఏడుస్తూనే ఉన్నారు, ఏడుస్తున్నావని ఒకరినొకరు ఎత్తిపొడుచుకుంటూనే ఉన్నారు.

రెండు రోజులుండి సిగా బయలుదేరింది. కప్పు సున్కారు తలగడ దగ్గర ఉంది. వెళ్లొస్తానని చెప్పే వేళకి సిగాకి ఏ చెయ్యి ఇవ్వాలో తోచలేదు. కుడి చెయ్యి ఇస్తే ఇక కలవమని ఒప్పుకున్నట్టు. ఎడమ చెయ్యి ఇస్తే ఇద్దరికీ తెలిసిన అబద్ధం ఆడినట్టు. కొంగు సర్దుకుంటూ, ఖాళీ దుప్పటి మడతపెడుతూ నిలబడిపోయింది.

సున్కారే చాపింది. ఎడమ చెయ్యి.

"ఈ తప్పు నువ్వే వచ్చి దిద్దాలి. పోటీలు వాయిదా పడ్డాయంతే, రద్దు కాలేదు," అంది.

సిగా తన ఎడమ చేత్తో ఆ చెయ్యి పట్టుకుంది. బండి డ్రైవరు ఓడ వేళయిందని రెండుసార్లు కేకేశాడు. ఆ తర్వాతే వదిలింది.