అరువు వలలు

డెబ్బై తొమ్మిదిలో ఒక ఉదయం జాలారిపేటలో పాపాయమ్మ గుమ్మం ముందు ఆరేసిన వలలు చూసినవాళ్ళెవరైనా ఆ ఇల్లు కలిగినదే అనుకుంటారు. ఆ నాలుగు వలలూ ఆవిడ తమ్ముడు గంగరాజువి. ఆవిడకు ఉన్నదల్లా ఒక గంప, హార్బరు వేలంపాటలో చేపలు కొని కంచరపాలెం వీధుల్లో తిరిగి అమ్ముకునే ఓపిక. మొగుడు సముద్రంలో పోయి ఆరేళ్ళయింది.

వలలు అరువు తేవడానికి కారణం ఉంది. కూతురు నూకాలు ఇంటర్ రెండో ఏడు. సర్కారు కాలేజీలో సీటు దొరక్క ప్రైవేటు కాలేజీలో చేరింది. స్కాలర్‌షిప్ వస్తే ఫీజుకు జమ కట్టుకుంటామన్నారు వాళ్ళు. దాని కోసం ఆ రోజు రెవెన్యూ ఆఫీసు నుంచి విచారణకు మనిషి వస్తున్నాడు. కిందటేడు పడవల లోనుకని వచ్చిన ఆఫీసరు వలలు కనిపించిన ఇళ్ళవారి పేర్లే రాసుకున్నాడు. ఏమీ లేనివాళ్ళకు ఏం చూసి ఇస్తామమ్మా అని పాపాయమ్మను దాటి పక్కింటికి వెళ్ళిపోయాడు. ఆ మాట ఆవిడ మరిచిపోలేదు. నూకాలు ఆ వేళ కాలేజీకి వెళ్ళింది గానీ, ఇంట్లో ఉంటే వద్దనేదే.

వచ్చినాయన వలలు చూసి, ఇవన్నీ మీవేనా అని అడిగాడు. మావేనండి బాబూ అంది పాపాయమ్మ తలెత్తి. ఆయన అదే రాసుకున్నాడు.

ఆదాయం ఎక్కువని స్కాలర్‌షిప్ రాలేదు. అప్పటినుంచి పాపాయమ్మ ఎక్కని గడప లేదు. నీ నోటితో నువ్వే చెప్పావు కదా, ఇప్పుడు తిరగరాస్తే నా ఉద్యోగం పోతుందన్నాడు విచారణకు వచ్చినాయన. ఫీజు కట్టందే హాల్‌టికెట్ లేదన్నారు కాలేజీలో. పోనీ సర్టిఫికెట్లు ఇచ్చేస్తే ఇంకోచోట చేర్పించుకుంటానంటే, అవీ బాకీ తీరాకే అన్నారు. పిల్లను ముందుకు పోనివ్వరు, వెనక్కీ రానివ్వరు. ఎటు తిరిగినా గోడే అయితే ఆ తల్లి ఏం చెయ్యాలో మీరే చెప్పండి.

పరీక్షల ముందురోజు తల్లీకూతుళ్ళు ప్రిన్సిపాలు గదిలో నిలబడ్డారు. నూకాలుకు పాఠాలు చెప్పే కనకరత్నం మేడం కూడా అక్కడే ఉంది. అబద్ధం ఎందుకు చెప్పావని ప్రిన్సిపాలు గద్దించాడు.

"లోను బాబు వలలున్నోలకే ఇత్తానన్నాడు. సదువు బాబు లేనోలకే ఇత్తాడని నాకెవులు సెప్పినారు బాబూ? నాను సేసిన తప్పుకి దాని సదువు ఆపేత్తారేటి?" అంది పాపాయమ్మ.

ఆయన రూలు రూలేనన్నాడు. నూకాలుకు తల్లిమీద కోపం వచ్చింది. ఆ కోపం చూపించడానికి మాత్రం మనసు రాలేదు. తల్లి చెయ్యి పట్టుకుని మెల్లగా బయటికి నడిచింది.

వాళ్ళు గేటు దాటేదాకా చూసి, కనకరత్నం ప్రిన్సిపాలు వైపు తిరిగింది.

"ఈ సాయం ఎవరికో, ఎందుకో ఆవిడ గుమ్మంలోకి వెళ్ళి మనలో ఒక్కరమూ చెప్పలేదండీ. పిల్ల రాయాల్సిన పరీక్ష తల్లికి పెట్టాం. తల్లి తప్పిందని పిల్లను ఇంటికి పంపేస్తున్నాం."