తలుపునే అడుగుదాం

జమ్లీ నా ఆటోలోనే పోయింది. ఆరోగ్య ఉపకేంద్రం తలుపుకు తాళం వేసి ఉంది. ఆ తాళం ముందే, పట్టపగలు పదకొండు గంటల వేళ, సీటు రెగ్జినును గోళ్లతో చీరి, "నీళ్లు" అని ఒక్క మాట అని పోయింది. బిడ్డ కడుపులోనే పోయింది. అత్త కేశ్లీ కోడలి తలను ఒళ్లో పెట్టుకుని ఆ తాళాన్నే చూస్తూ కూర్చుంది. నేను హారన్ కొడుతూనే ఉన్నాను, ఎవరి కోసమో నాకే తెలియదు. కిటికీ సందులోంచి చూస్తే కాన్పు బల్ల మీద యూరియా బస్తాలు కనబడ్డాయి.

నా పేరు ముక్తార్. మాది సిద్దిపేట. హుస్నాబాద్ తోవలో ఆటో నడుపుతాను. కార్మికులారా, విద్యార్థులారా, ధైర్యవంతుల కథలు మీరు చాలా విని ఉంటారు. ఇది పిరికివాడు చెబుతున్న కథ. ముందే చెప్పేస్తే నాకూ నిమ్మళం, మీకూ నిమ్మళం.

ఆ బస్తాలు రాంచందర్ పటేలువి. ఎరువుల దుకాణం ఆయనది, మాజీ సర్పంచి ఆయనే, ఎర్రకుంట తండా నలభై ఒక్క ఇళ్లవాళ్లు కౌలు చేసేది ఆయన భూములే. ఆటో అడ్డాలో ఎవరు నిలబడాలో, ఎవరు నిలబడకూడదో చెప్పేదీ ఆయనే. జమ్లీని మట్టి చేసి ఇంటికొస్తే నా భార్య బద్రున్నీసా నా మొహం చూసి, "నీ నోరు నీ దగ్గర పెట్టుకో జీ, మనకు ఇద్దరు ఆడపిల్లలున్నరు" అంది. పెట్టుకున్నాను.

అది రెండు వేల పదకొండు ఎండాకాలం. ఊరూరా తెలంగాణ టెంట్లు. రాంచందర్ పటేలు టెంటులో ముందు వరుసలో కూర్చునేవాడు.

జూన్‌లో డాక్టర్ సంహిత వచ్చింది. సిద్దిపేట పిల్లే, హైదరాబాదులో డాక్టరీ చదివింది. తండాల్లో మొదటి వైద్యం ఎట్లా అందుతోంది, దాన్ని బాగుచేయడానికి ఏం చేయాలి అని పరిశోధన. "గిది నా పరిశోధన కాదు, మనది. మీరు చెప్పాలె, మీరే చూడాలె, ఏం చేయాల్నో మీరే తేల్చాలె" అంది. మాకు సగమే అర్థమైంది. అడగడానికి వచ్చిన డాక్టరును మాత్రం మేము అప్పుడే మొదటిసారి చూశాం.

ఆమె మంచిదే కాని ఒక తప్పు చేసింది. పంచాయతీ ఆఫీసు ముందు అందరినీ కూర్చోబెట్టి అడిగింది. ఒక కుర్చీలో నర్సు బాలలక్ష్మి, పక్క కుర్చీలో రాంచందర్ పటేలు. ఆయన మీసం దువ్వుకుంటూ ఒక్కొక్కరి మొహం చూశాడు, అంతే.

"నర్సమ్మ వస్తదా?"

"వస్తది."

"దవాఖాన ఎట్లుంది?"

"మంచిగుంది."

నలభై ఒక్క ఇళ్లు, నలభై ఒక్క 'మంచిగుంది'లు. కేశ్లీ కూడా అదే అంది. జమ్లీ పోయి నెల కాలేదు. తండావాళ్లను దవాఖానకు తోలేవాణ్నని చివర నన్నూ అడిగారు. పటేలు నా వంక చూసి నవ్వాడు. "మంచిగుంది మేడం" అని వేలిముద్ర కాదు, సంతకమే పెట్టాను. చదువుకున్నవాణ్ని కదా, ఏడో తరగతి!

వారం తిరగకముందే ఆ కాగితం నకలు పంచాయతీ గోడకెక్కింది. వైద్యసేవల పట్ల తండా ప్రజల సంతృప్తి, అని పైన పెద్ద అక్షరాలు. పటేలు వచ్చేపోయేవాళ్లకు దాన్ని చూపించి, "వాళ్ల నోటితోనే చెప్పిన్రు" అనేవాడు. మా వేలితో మా కన్నే పొడిచాడు.

జూలైలో సంహిత తండాకే వచ్చింది. ఈసారి కుర్చీలు లేవు. కేశ్లీ ఇంటి అరుగు మీద కూర్చుని మా జవాబులు మాకే చదివి వినిపించింది. జమ్లీ ఇంటి జవాబు దగ్గరికొచ్చేసరికి చదవడం ఆపి కాగితాన్ని మా వైపు తిప్పింది.

"మీరు చెప్పిందే గిది. మీరు ఒప్పుకుంటేనే ఉంచుత. ఒప్పుకుంటరా?"

కేశ్లీ చిన్నకోడలు బుజ్జి కుండ దింపి గోడకు ఆనుకుంది. ఆరో నెల. అప్పటికే పాదాలు ఉబ్బి ఉన్నాయి. అందరి కళ్లూ ఆ పాదాల మీదే పడ్డాయి. అక్టోబరులో ఈమెను కూడా నా ఆటోలోనే ఎక్కిస్తారు.

"యాడీ, నువ్వెందుకు అట్ల చెప్పినవ్?" అని కేశ్లీని అడిగాను. తండాలో అందరూ ఆమెను యాడీ అనే పిలుస్తారు, అమ్మ అని. అడగడానికి నాకు సిగ్గుండాలి!

"పటేలంటే భయం" అంది ఆమె. "అదొక్కటే కాదు. నర్సమ్మ మా ఇంట్ల నీళ్లు తాగింది. జమ్లీ పెండ్లిల కూసుండి బువ్వ తిన్నది. ఇంట్ల నీళ్లు తాగిన మనిషి మీద నలుగుర్ల చెడు చెప్పొద్దు. మా తండ పద్ధతి గది. మా అత్త చెప్పింది, నేను కోడండ్లకు చెప్పిన."

"మరెట్ల యాడీ?" అంది సంహిత.

కేశ్లీ లేచి నడుము మీద చేయి పెట్టుకుంది.

"నువ్వు అడుగుడే తప్పు బిడ్డా. మనిషిని అడగకు, తలుపును అడుగు. తలుపు మా ఇంట్ల నీళ్లు తాగలే గద!"

తండా నవ్వింది. జమ్లీ పోయాక మొదటిసారి నవ్వింది.

సంహిత తన ప్రశ్నల కాగితం అక్కడే చింపేసింది. కొత్త పని ఆడవాళ్లే పంచుకున్నారు. పొద్దున ఒకరు, మాపటి దాకా ఇంకొకరు, మేకలు మేపే నెపంతో ఉపకేంద్రం ముందు ఉండాలి. తలుపు తెరిస్తే కేశ్లీ ఇంటి గోడ మీద సున్నంతో తెల్ల గీత. తెరవకపోతే జాజుతో ఎర్ర గీత. ఎవరినీ ఏమీ అడిగేది లేదు, ఎవరి మీదా చెప్పేది లేదు. నెలకోసారి సంహిత వచ్చి తన పుస్తకంలో ఎక్కించుకుని, గోడను మళ్లీ వాళ్లచేతే చదివించేది. చదువు రాని ఆడవాళ్లు గడగడా చదివేవాళ్లు.

బతుకమ్మ పండుగ వచ్చేసరికి గోడ ఎర్రబడింది. తెల్ల గీతలు నాలుగే.

ఒకరోజు బాలలక్ష్మి తనంతట తానే వచ్చింది. గోడ ముందు నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"తాళంచెవి నా దగ్గర లేదమ్మా. పటేలు కాడుంది. నేను కాంట్రాక్టు మీద ఉన్న. నోరు తెరిస్తే తెల్లారే నా నౌకరి పోతది. జమ్లీ పోయిన్నాడు నేను ఆ పెద్దమనిషి వాకిట్లనే నిలబడ్డ, తాళంచెవి ఇయ్యుమని."

అప్పటిదాకా ఆమెను తిట్టుకుంటున్న నేను తల దించుకున్నాను. పిరికివాళ్లం ఇద్దరమయ్యాం. అందరం అదే తాళం కింద ఉన్నామని అప్పుడు తెలిసింది.

అప్పటికే సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు, బడులు లేవు. టెంటు దగ్గర వంటావార్పు పెట్టిన రోజు కేశ్లీ ఇరవై మంది ఆడవాళ్లతో పోయి నిలబడింది. రాంచందర్ పటేలు మైకు పట్టుకుని మన నీళ్లు, మన నౌకరీలు అంటున్నాడు.

"పటేలా, మన దవాఖాన సంగతేంది?" అంది కేశ్లీ.

"తెలంగాణ రానియ్ యాడీ. వచ్చినంక అన్నీ అయితయి."

"వస్తది. మేము గూడ రోడ్డు మీద కూసున్నం, లాఠీలు తిన్నం. వచ్చినంక తాళంచెవి ఎవరి కాడుంటది? నీ కాడనేనా?"

వంట చేస్తున్న కుర్రకారు గరిటెలు ఆపారు. ఒక కాలేజీ విద్యార్థి లేచి, "అడిగిందానికి జవాబు చెప్పుండ్రి పటేలా!" అన్నాడు. పటేలు మైకు కింద పెట్టాడు. కళ్లు మాత్రం నా మీద పెట్టాడు, వాళ్లను మూడు ట్రిప్పుల్లో ఆటోలో తెచ్చింది నేనే కదా.

మర్నాడు జీపు తండాలోకి వచ్చింది. ఎస్సై గోడ ముందు నిలబడి లాఠీతో గీతలు లెక్కపెట్టాడు.

"ఏందిది? ఎర్ర గీతలేంది? లోపలోళ్లకు, నక్సలైట్లకు పెట్టిన గుర్తులా?"

"దవాఖాన తలుపు సారూ" అంది కేశ్లీ.

"తలుపా! నాకే కథలు చెప్తున్నవా?"

బకెట్లతో నీళ్లు పోయించి గోడ కడిగించాడు. ఎర్ర నీళ్లు వాకిట్లోకి పారాయి. మగవాళ్లు ఇళ్లలోంచి బయటికి రాలేదు. నేను ఆటో వెనక దాక్కున్నాను. ఎస్సై పోతూ పోతూ, "నువ్వు సిద్దిపేటోనివి గద, నీకేం పనిరా గీడ?" అన్నాడు. చేతులు జోడించాను. యా అల్లా, ఆ రోజు నా చేతులు నా మాట వినలేదు.

మూడో రోజు పొద్దున బుజ్జికి నొప్పులు మొదలయ్యాయి. మొహం కూడా ఉబ్బింది, కళ్ల ముందు మసకలంటోంది. అటు రోడ్డు మీద రాస్తారోకో, సిద్దిపేట దాకా బండ్లు ఆగిపోయి ఉన్నాయి. ఆటోలో కేశ్లీ, ఆమె ఒళ్లో బుజ్జి తల. అదే సీటు. జమ్లీ చీరిన రెగ్జిను అట్లాగే ఉంది. నేను కుట్టించలేదు. బుజ్జి వేళ్లు ఆ చిరుగులోకే పోయాయి.

ఉపకేంద్రం ముందు మళ్లీ అదే తాళం.

ఈసారి నేను హారన్ కొట్టలేదు. కొట్టే పని లేదు, తండా అంతా వెనకే నడిచి వచ్చింది. బాలలక్ష్మి పరుగున వచ్చింది. "సమ్మెల ఉన్న గని కాన్పు సమ్మె చెయ్యది గద! తాళం పగలగొట్టున్రి, నేను చూసుకుంట!" అని అరిచింది. అందరూ తాళాన్ని చూశారు. ఎవరి చేయీ లేవలేదు. అది పటేలు తాళం.

కేశ్లీ పక్కింట్లోంచి రోకలి లాక్కొచ్చింది. మొదటి దెబ్బ ఆమెదే. రెండో దెబ్బ ఎవరిదో, మూడోది ఎవరిదో నేను చెప్పను. తాళం ఊడింది. పాతిక మంది చేతులు యూరియా బస్తాలు పట్టి బయటికి విసిరాయి. బల్ల తుడిచారు. సంహితకు ఫోను కలిపితే ఆమె ఒక్కొక్కటే చెబుతోంది, బాలలక్ష్మి ఒక్కొక్కటే చేస్తోంది. సూది మందు ఆమె సంచిలో ఉంది, ఇన్ని నెలలూ ఉంది, తెరిచిన తలుపే లేదు.

బయట నేను లెక్క లేకుండా దువా చేశాను. పక్కన బుజ్జి మొగుడు సోమ్లా వాళ్ల దేవుణ్ని మొక్కుతున్నాడు. లోపల బుజ్జి అరుపు ఒక్కసారి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో నేను చచ్చి బతికాను. తర్వాత సన్నగా, కోపంగా, పిల్ల ఏడ్చింది.

జీపు వచ్చింది. వెనకే పటేలు మోటార్ సైకిల్. ఎస్సై దిగాడు.

"తాళం ఎవడు పగలగొట్టిండు?"

"నేను" అంది కేశ్లీ.

"నేను" అన్నాడు సోమ్లా. నేను, నేను, నేను అని నలభై ఒక్క ఇళ్లూ అన్నాయి. బాలలక్ష్మి నెత్తురు చేతులతో గడపలోకి వచ్చి, "నేను చెప్తెనే పగలగొట్టిన్రు సారూ" అంది.

పటేలు నన్ను వేలెత్తి చూపించాడు. "గీ ఆటోవాడు రెచ్చగొట్టిండు. గీనెనే దవాఖాన మంచిగుందని సంతకం పెట్టిండు, కాగితం నా కాడుంది. అడుగున్రి."

ఎస్సై నా కాలరు పట్టుకున్నాడు. "పెట్టినవా?"

బద్రున్నీసా కళ్ల ముందు మెదిలింది. నా ఇద్దరు పిల్లలు మెదిలారు. మూత్రం వచ్చేంత భయం వేసింది, అబద్ధమెందుకు. కాని గడప లోపల ఆ పిల్ల ఇంకా ఏడుస్తూనే ఉంది.

"పెట్టిన సార్. అబద్ధం పెట్టిన. పటేలుకు భయపడి పెట్టిన. ఈ తలుపు ముంగట జమ్లీ నా బండిల చచ్చిపోయింది, నేను చూసిన. ఇప్పుడు గూడ భయమే అయితుంది. రాసుకో."

ఒక చెంపదెబ్బ పడింది. జీపులో తోశారు. నా పక్కనే కేశ్లీ ఎక్కి కూర్చుంది, ఎవరూ ఎక్కమనలేదు. సోమ్లా ఎక్కాడు. ఇంక జాగ లేకపోతే తండావాళ్లు జీపు ముందు బాట మీద కూర్చున్నారు. రాస్తారోకో దగ్గరున్న విద్యార్థులకు కబురు అంది, వాళ్లు జెండాలతో ఇటు పరుగెత్తుకొస్తున్నారు. వాళ్ల కేకలు దగ్గరవుతున్నాయి. పటేలు మోటార్ సైకిల్ స్టార్టు కావడం లేదు.

జీపు ఊచల్లోంచి కేశ్లీ అరిచింది. "సున్నం తెండ్రే! ఇయ్యాల్టి గీత పెట్టలే!"

ఒక పిల్ల ఉరికి పోయి ముంత తెచ్చింది. ఈసారి ఇంటి గోడ మీద కాదు, ఆ తలుపు మీదే, అందరూ చూస్తుండగా, పోలీసులు చూస్తుండగా, తెల్ల గీత పెట్టారు. అది ఎవరూ కడగలేదు.