ముక్కిన వాసన

సరస్సు ఒడ్డున ఉన్న మా ఈత కేంద్రంలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. మేనేజరు దగ్గర్నుంచి మెట్లు ఊడ్చే ఆవిడ దాకా అందరికీ నేను ముక్కక్కనే. పదకొండేళ్లుగా సామాన్ల గది నాది. లైఫ్ జాకెట్లు, ఈత కళ్లద్దాలు, గుడారాలు, మడత కుర్చీలు, తువ్వాళ్లు, అన్నీ నా చేతి మీదుగా బయటికి వెళ్లి నా చేతికే తిరిగి రావాలి. తడి సామాను సంచిలో కుక్కి, మూతి బిగించి, వారం తర్వాత తెచ్చి "ఏదో వాసనొస్తోందండీ" అని అమాయకంగా చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. వాళ్లనే ఆ సంచిలో పెట్టి మూతి బిగించాలనిపిస్తుంది.

నా పద్ధతి నాకుంది. వచ్చిన ప్రతి వస్తువునూ ముందు మంచినీళ్లలో ముంచి తీస్తాను. తర్వాత వెనిగర్ కలిపిన నీళ్లలో అరగంట. పిండకూడదు, మడవకూడదు, మండుటెండలో పడేయకూడదు. నీడలో, గాలి ఆడేచోట, వెడల్పు కొక్కేలకు తగిలించి రెండు రోజులు ఆరబెట్టాలి. బూట్లలో వంట సోడా చల్లాలి. చివరగా ఒక్కోదాన్నీ ప్లాస్టిక్ సంచిలో గంటసేపు కట్టి ఉంచి, విప్పీ విప్పగానే ముక్కు సంచిలో పెట్టి వాసన చూడాలి. ముక్కిన వాసన ఏ మూల ఉన్నా అప్పుడు బయటపడక తప్పదు. వాసన లేకపోతే భుజం పట్టీకి తెల్లదారం ముడి వేస్తాను. దారం లేనిదేదీ గది దాటదు.

మిగతా సామాను సంగతి వేరు, కంపు కొడితే తిట్టుకుని ఊరుకుంటారు. లైఫ్ జాకెట్లు అలా కాదు. మావి పాత రకం. లోపల ప్లాస్టిక్ తిత్తుల్లో బూరుగుదూది కూరి ఉంటుంది. తిత్తికి ఎక్కడో చిల్లు పడిందంటే దూది నీళ్లు తాగుతుంది. పైగుడ్డ గలగలా ఆరిపోతుంది, చూస్తే కొత్తదానిలా ఉంటుంది, లోపల మాత్రం ముక్కిపోతూ ఉంటుంది. అలాంటిది మనిషిని తేల్చదు. దాన్ని పట్టించేది వాసన ఒక్కటే. అందుకే నా ముక్కుకు అంత విలువ, నాకు అంత పొగరు.

ఆ మధ్య నాకు జ్వరం వచ్చింది. ఐదు రోజుల్లో తగ్గింది. ఆరో రోజు పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడి, పక్కింటావిడ తలుపు బాదేదాకా నాకు తెలియలేదు. వెనిగర్ సీసా మూత తీసి చూశాను. నీళ్లే. సబ్బు, కిరోసిన్, ఉల్లిపాయ, అన్నీ నీళ్లే. భయం వేసింది. నాలుగు రోజుల్లో వస్తుందిలే అనుకున్నాను. రాలేదు. ఎవరికీ చెప్పలేదు. ముక్కు లేని ముక్కక్కను ఎవరు ఉంచుకుంటారు? దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని పనిలోకి వచ్చేశాను. వెనిగర్ రెట్టింపు పోశాను, మూడో రోజు కూడా ఆరబెట్టాను. ఆ తర్వాత సంచి విప్పడం, కళ్లు మూసుకోవడం, గాలి పీల్చడం, ఒక క్షణం ఆగి తల ఊపడం. పదకొండేళ్ల అలవాటు కదా, నటన బాగానే కుదిరింది.

అలా రెండు నెలలు గడిచాయి. ఆ రోజు పిల్లల వేసవి తరగతిలో తేలే పాఠం. పదిమంది పిల్లలు పెద్ద పడవలో సరస్సు మధ్యకు వెళ్తారు. సరిగ్గా పదకొండుకి కోచ్ ఈల వేస్తే ఒక్కొక్కరే నీళ్లలోకి దూకి, చేతులు కదపకుండా, జాకెట్‌ను నమ్ముకుని తేలాలి. అదే పాఠం. ఆ పదిమందిలో మా తమ్ముడి కూతురు ఒకతి. ఏడేళ్లది, ఇంట్లో దాని పేరు పిడుగు. దాని తల్లి, అంటే నా మరదలు, ఇక్కడే కౌంటర్‌లో కూర్చుంటుంది.

పొద్దున నేనే పిడుగుకి పద్నాలుగో నంబరు జాకెట్ అందించాను. అది మెడ దగ్గరికి తెచ్చుకుని మొహం చిట్లించింది.

"అత్తా, ఇది కంపు."

"నీ మొహం. దారం కనపడట్లా?"

"నిజంగా అత్తా. తడి చెప్పుల వాసనొస్తోంది."

వెనక ఇంకా నలుగురు పిల్లలున్నారు. కోచ్ చూస్తున్నాడు. నేను జాకెట్ తీసుకుని అందరి ముందూ ముక్కు దగ్గర పెట్టుకుని, గాలి పీల్చి, తల ఊపాను. "ఏమీ లేదు. నీ వంక నాకు తెలియదా? పోయి పడవెక్కు" అని దాని నెత్తి మీద చిన్న మొట్టికాయ వేశాను. జాకెట్ చేతికి కాస్త బరువు తగిలింది. నా భుజం నొప్పి అనుకున్నాను.

పిల్లలు వెళ్లాక గది ఊడ్చాను. పద్నాలుగో కొక్కెం కింద నేల చెక్క నల్లగా ఉంది. చీపురు తగిలితే అంచు పొరలుగా లేచింది. వంగి వేలు పెట్టాను. తడి. ఆ జాకెట్ పొద్దున్నదాకా నాలుగు రోజులు అక్కడే వేలాడింది. నాలుగు రోజులూ, ఎవరూ చూడకుండా, చుక్క చుక్కగా కారింది.

గడియారం పదకొండుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. కిటికీలోంచి పెద్ద పడవ బొమ్మంత కనిపిస్తోంది. అందులో పిడుగు ఉంది. చేతులు కదపకూడదని చెప్తారు దానికి. చెప్పిన మాట ఎప్పుడూ వినని పిల్ల ఇవాళ ఒక్కరోజు వింటే ఏమవుతుంది?

పరిగెత్తాను. కౌంటర్ దాకా పాతిక అడుగులు. ఆ పాతిక అడుగుల్లో నా బుర్ర చేసిన పని ఇప్పటికీ తలచుకుంటే సిగ్గేస్తుంది. జాకెట్ పాడైందని చెప్తే ఎలా తెలిసిందంటారు. పొద్దునే వాసన చూశావుగా అంటారు. అన్నీ బయటపడతాయి. కౌంటర్ దగ్గర ఆగేసరికి నా నోట్లో అబద్ధం సిద్ధంగా ఉంది.

"పిడుగుని వెనక్కి పిలువు. ఇప్పుడే. మైకులో చెప్పు."

మరదలు తల ఎత్తింది. "ఏమైంది వదినా?"

"దానికి ఒళ్లు వెచ్చగా ఉంది. పొద్దున చెయ్యి తగిలితే చూశాను. నీళ్లలో దూకకూడదు."

"జ్వరమా? ఇంట్లో బాగానే ఉందే. అప్పుడే చెప్పొచ్చుగా?"

"ముందు పిలువు. తర్వాత నన్ను తిడుదువుగాని."

మైకులో పిలిచింది. పడవలో కోచ్ చెయ్యి ఊపాడు. పక్కనే కాపలాగా ఉన్న చిన్న పడవలోకి ఒక చిన్న ఆకారం దిగడం కనిపించింది. నేను రేవు చెక్కల మీద నిలబడ్డాను. తెడ్డు పడిన ప్రతిసారీ నా గుండె పడుతోంది. దగ్గరికి వస్తోంది. ఇంకా దగ్గరికి. పిడుగు మూతి ముడుచుకుని కూర్చుంది. పొడిగా, క్షేమంగా ఉంది. నా ప్రాణం లేచి వచ్చింది. ఆ ఒక్క నిమిషం నాకంత హాయి ఎప్పుడూ తెలియదు.

పడవ రేవుకు తగిలింది. అప్పుడు చూశాను. దాని రొమ్ము మీద అంకె తొమ్మిది.

"పద్నాలుగేదే?"

"మార్చుకున్నా."

"ఎవరితో?"

"కళ్లజోడు పిల్లతో. దానికి జలుబత్తా, వాసన తెలీదు. అందుకే ఇచ్చా." కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. "నాకు జ్వరం లేదు. నన్నెందుకు దింపేశారు?"

కళ్లజోడు పిల్ల నాకు తెలుసు. సన్నగా ఉంటుంది. ఏదిచ్చినా తీసుకుంటుంది. తువ్వాలు చిరిగి ఉన్నా "పరవాలేదాంటీ" అంటుంది.

సరస్సు మధ్యలో ఈల మోగింది.

మొదటి పిల్లాడు దూకాడు. తేలాడు. రెండో పిల్ల దూకింది. కౌంటర్ దాకా ఎలా వెళ్లానో, మరదలి చేతిలోంచి మైకు ఎలా లాక్కున్నానో నాకు గుర్తు లేదు. "పద్నాలుగు దూకొద్దు. పద్నాలుగో నంబరు పాడైపోయింది. పద్నాలుగుని ఆపండి." నా గొంతు నీళ్ల మీద తిరిగి నాకే వినిపించింది. కోచ్ మా వైపు తిరిగాడు. అతను తిరిగిన ఆ క్షణంలోనే, అతని వీపు వెనక, చెప్పినట్టు చేసే ఆ పిల్ల చేతులు రొమ్ముకు కట్టుకుని దూకేసింది.

మిగతా పిల్లలు మునిగి వెంటనే బంతుల్లా పైకి వచ్చారు. అది రాలేదు. నేను లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. నీళ్లు నున్నగా అయిపోయాయి. నాలుగు, ఐదు. పక్కన మరదలు నా చెయ్యి పట్టుకుని "వదినా, వదినా" అంటోంది. ఎనిమిది దగ్గర కోచ్ దూకాడు. ఆ తర్వాత నాకు లెక్క రాలేదు.

పైకి తెచ్చాడు. పడవ అంచు మీద బోర్లా పడుకోబెట్టి వీపు చరిస్తుంటే ఆ పిల్ల దగ్గడం ఒడ్డుకు వినిపించింది. అంత మంచి శబ్దం నేను వినలేదు.

పావుగంటకు అందరూ రేవు మీద ఉన్నారు. కళ్లజోడు పిల్లని రెండు తువ్వాళ్లు చుట్టి కూర్చోబెట్టారు. కళ్లజోడు నీళ్లలో పోయింది. పెదాలు నీలంగా ఉన్నాయి. పద్నాలుగో నంబరు చెక్కల మీద పడి ఉంది, అడుగు నుంచి మురికినీళ్లు ధారగా పోతున్నాయి. చుట్టూ ఉన్నవాళ్లు కొంగులూ చేతులూ ముక్కులకు అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగారు. మేనేజరు కూడా జేబురుమాలు తీశాడు. జాకెట్ దగ్గర నిలబడింది నేనొక్కదాన్నే. నాకు అడ్డం పెట్టుకోవాల్సిన అవసరం కనపడలేదు.

"ముక్కక్కా," అన్నాడు మేనేజరు, కోపంగా కాదు, నిజంగా అర్థంకాక. "దీనికి దారం ఉంది. నీ ముడే. ఇంత కంపు నీకెలా తప్పింది?"

జాకెట్ ఎత్తాను. రెండు చేతులూ కావలసి వచ్చాయి. తడిసిన దారం నా వేళ్ల కింద ఉంది. ఒక్క గోరు చాలు, తెగిపోతుంది. దారం వేరేదాని నుంచి చిక్కుకుందనొచ్చు. పిల్లలే మార్చుకున్నారు, పిల్లలే కట్టారు అనొచ్చు. పదకొండేళ్ల మాట నమ్ముతారు. నా గోరు ముడి మీదికి వెళ్లింది.

పిడుగు నన్నే చూస్తోంది. పొద్దున నేను గాలి పీల్చి తల ఊపినప్పుడు చూసినట్టే చూస్తోంది. మరదలు కూతురి నుదురు తడిమి చూసింది. తర్వాత నా వైపు చూసింది. తన పిల్లని మాత్రమే ఎందుకు పిలిపించానో ఆమెకు అర్థమైపోయిందని ఆ చూపులోనే తెలిసింది.

అలవాటు కొద్దీ జాకెట్‌ను ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను. కళ్లు మూసుకుని గట్టిగా పీల్చాను. చల్లటి గాలి, అంతే.

"నాకేం వాసన రావట్లేదు సార్," అన్నాను. "రెండు నెలలైంది."

నీళ్లు చెక్కల సందుల్లోంచి కారుతున్నాయి. తువ్వాళ్లలోంచి కళ్లజోడు పిల్ల, కళ్లజోడు లేని కళ్లు చికిలించుకుని, నేను ఎక్కడున్నానో వెతుక్కుని, ఇంకా దగ్గుతూనే, నన్ను ఊరడిస్తున్నట్టు అంది:

"నాకూ రాలేదాంటీ. పరవాలేదు."