బూడిదలో పడి ఎగిరిన బంతి

విశ్వవిద్యాలయం బేస్‌బాల్ జట్టుకు అరవై ఏళ్లు నిండుతున్నాయని, దాని చరిత్ర నన్ను రాయమన్నారు. అడగడానికి ఇంకెవరూ మిగల్లేదు మరి. ముప్ఫై ఏళ్లు స్కోరు పుస్తకం రాసినవాణ్ణి నేను. నాతోటివాళ్లలో సగంమంది సమాధుల్లో ఉన్నారు, సగంమంది మయామీలో ఉన్నారు. ఫోను చేస్తే వాళ్ల పిల్లలెత్తి, ఎవరండీ మీరు అంటారు.

ఒక్క పేజీ దగ్గర తప్ప పని సాఫీగానే సాగింది. అది అగ్నిపర్వతం బూడిద ఊరంతా కురిసిన ఏడాది. రాజధాని మనాగువా జట్టుతో ఫైనల్. బంతి విసిరే మా పిచర్ లియోన్సియో ఒక్క హిట్టు కూడా ఇవ్వలేదు. ఇంకొక్కడు అవుటైతే చాలు. అప్పుడు వాళ్లు కొట్టిన బంతి బూడిదలో పడి, అడ్డంగా ఎగిరి, బంతి ఆపడానికి షార్ట్‌స్టాప్ స్థానంలో కాచుకున్న మా ఎవరిస్తోని దాటిపోయింది. అది కొట్టినవాడి గొప్పైతే హిట్టు, పట్టాల్సినవాడి తప్పైతే ఎర్రరు. తేల్చాల్సింది నేను. స్టేడియమంతా నా పెన్సిల్ వంక చూసింది. ఎర్రరని రాశాను. తర్వాతివాడు అవుటయ్యాడు, మేం గెలిచాం. లియోన్సియో రికార్డు నిలిచింది. అతని పేరు ఇప్పటికీ మైదానం గేటు మీద ఉంది.

ఎవరిస్తో నా స్నేహితుడు. నాలుగేళ్లు ఒకే గదిలో ఉండి, ఒకే కంచంలో అన్నం, చిక్కుళ్లు తిన్నాం. ఆ ఏడాదే చదువు మానేసి కొరింతో రేవులో పనికి చేరాడు. ఎందుకని నేను అడగలేదు, నాకు తెలుసనుకున్నాను. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ, యాభై ఏళ్లు ఆ ఊరి బస్సెక్కలేదు. నా భార్య పోయినప్పుడు పక్కన ఉంటే బాగుండుననిపించింది అతనొక్కడే. అయినా కబురు పెట్టలేదు.

ఇప్పుడైనా ఆ తప్పు దిద్ది, అతని చేత క్షమించానని అనిపించుకోవాలని, పోయిన మంగళవారం పేజీ పట్టుకుని కొరింతో వెళ్లాను. వాకిట్లో ఊగే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చూడగానే గుర్తుపట్టాడు.

"ఏరా ఎలీహియో, దారి తప్పావా?"

"జట్టు చరిత్ర రాస్తున్నాను. ఆ ఎర్రరు కొట్టేసి హిట్టని రాస్తా. తప్పు బూడిదది, నీది కాదు."

"అంటే లియోన్సియో పేరు గేటు మీంచి దింపేస్తావా? పోయినోడి మీద నీకు పగేంట్రా?"

"నీకు అన్యాయం చేశాను కదరా."

కుర్చీ ఊపడం ఆపాడు. "బంతి నా గ్లవ్‌కి తగిలింది. అది చేతికి చిక్కకముందే నేను తలెత్తేశా. అది ఎర్రరే. నువ్వు కరెక్టుగానే రాశావు."

"మరెందుకు వెళ్లిపోయావు?"

"ఆ సాయంత్రం అందరూ లియోన్సియోని భుజాలకెత్తుకుని రమ్ము తాగడానికి పోయారు. నేనొక్కణ్ణే స్టేడియంలో బట్టలు మార్చుకునే గదిలో బూట్లు విప్పుకుంటూ ఉండిపోయా. ఎవడూ పిలవలేదు. నువ్వైనా వస్తావని, కాపలావాడు తాళం వేసేదాకా కూర్చున్నా. అది నీ పుస్తకంలో ఏ గడిలో రాశావురా?"

ఆ సాయంత్రం నేనెక్కడున్నానో బాగానే గుర్తుంది. లియోన్సియో ఎడమ కాలు నా భుజం మీదే ఉంది.

పేజీ మడిచి జేబులో పెట్టుకున్నాను. కూర్చుందామని చూస్తే ఆ ఇంట్లో ఇంకో కుర్చీ లేదు. గడప మీద కూలబడ్డాను. నేను తిరిగి ఎక్కాల్సిన నాలుగింటి బస్సు మా ముందు నుంచే వెళ్లింది. నేను లేవలేదు, అతను వెళ్లమనలేదు.