దిగబడిన మంచం

ఆత్మకూరు ఫైర్ స్టేషన్లో పనిచేసే శాంతికుమార్ డ్యూటీ దిగి ఇంటికొస్తే కాళ్ళు కడుక్కుని, కరుణశ్రీ పెట్టింది తిని, నవారు మంచం మీద వాలిపోతాడు. మంచం కోళ్ళు సిమెంటు గచ్చులోకి దిగబడతాయి. తగలబడింది గడ్డివామి అయితే గోరంత, మనుషులున్న ఇల్లయితే వేలెడు.

తప్పంతా మేస్త్రీ వరదయ్యదని వీధి వీధంతా తేల్చేసింది. సిమెంటు తక్కువ కలిపాడని ఎదురింటి ప్రమీలమ్మ చర్చి మెట్ల మీద నిలబడి చెప్పింది. సొంత గోడ పడిపోయినప్పుడు కూడా ఆమె అంత బాధపడలేదు. పాపం వరదయ్య గచ్చు పగలగొట్టి, మంచం పైకి తీసి, మళ్ళీ పోశాడు. అలా రెండుసార్లు. రెండోసారి వారం రోజులు తనే వచ్చి నీళ్ళు కూడా పట్టాడు.

తర్వాత దుత్తలూరులో పూరిళ్ళు అంటుకున్నాయి. శాంతికుమార్ తిరిగొచ్చి పడుకున్నాడు. తెల్లారేసరికి మంచం పట్టెకీ గచ్చుకీ మధ్య బెత్తెడే మిగిలింది.

ఆరేళ్ళ జెస్సికా నేల మీద బోర్లా పడుకుని తండ్రి ముఖం చూసింది. "నాయనా, అన్నానికి రా."

అతను గోడవైపు తిరిగాడు. పది రోజుల్లో పెళ్ళాంతో ఒక్క మాటే అన్నాడు: "ఉద్యోగం మానేస్తా."

ఈసారి సైరన్ మోగితే మనిషే నేలలో కలిసిపోతాడని కరుణశ్రీకి భయం పట్టుకుంది. నేరుగా స్టేషన్‌కు పోయింది. బండి డ్రైవర్ చెంచయ్య తడి పైపులు ఎండకు వేలాడదీస్తున్నాడు.

"అన్నా, మంచం మళ్ళీ దిగింది. వరదయ్యకు కబురు చేసినాను."

"ఆయన్ని వదిలెయ్ తల్లీ. తడి పైపు చుట్టి లోపల పెడితే ఏమవుద్ది? కుళ్ళిపోద్ది. శాంతికుమారూ అట్టే చుట్టుకుని ఉండాడు. ఎనభై ఆరులో నా మంచం కూడా దిగింది. మీ వదిన ఏడాది చాప మీదే పడుకునింది."

ఆదివారం ఆరాధన అయ్యాక చెంచయ్య స్టేషన్ నుంచి ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. ముగ్గురూ మంచం చుట్టూ నేల మీద కూర్చున్నారు. లావుపాటి చెంచయ్య కూర్చోవడానికే అరగంట పట్టింది. ముందు తన సంగతే చెప్పాడు.

"కొండాపురంలో దారి తప్పినాను రా. ఎవుర్నీ అడగలా, నాకు తెలుసులే అని. పోయేసరికి ఇల్లు లేదు. ఇద్దురు పిల్లోళ్ళు."

శాంతికుమార్ గొంతు విప్పాడు. "దుత్తలూరులో, పొగలో దూడ అరుపే వినబడిందన్నా. తాడు కోసి బయటికి తోలినాను. ఆ ఇంటి అవ్వ లోపలే ఉందని తెలీలా..."

అయ్యో అనలేదు ఎవరూ. "చెప్పరా," అన్నాడు చెంచయ్య.

చెప్పాడు. చెప్పేకొద్దీ మంచం కిర్రుమంటూ లేచింది. కోళ్ళు నిలువునా బయటపడ్డాక శాంతికుమార్ కాళ్ళు కిందపెట్టి కూర్చున్నాడు. కిటికీలోంచి చూస్తున్న ప్రమీలమ్మ, "వరదయ్య చేతిపనే పని," అని వీధికి చాటింది.

"రేపు డ్యూటీకి వస్తానన్నా," అని, టీ గ్లాసుల కోసం శాంతికుమార్ వంటింట్లోకి వెళ్ళాడు. పొయ్యి ముందు కరుణశ్రీ కూర్చునే పీట గచ్చుతో సమంగా దిగిపోయి ఉంది.

"ఇదెప్పుడు దిగింది?"

"నువ్వు బండెక్కిన ప్రతిసారీ."

అతను పొయ్యి ఆర్పి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు.

"మొదటిసారి కాడి నుంచి చెప్పు."

ముందు గదిలో ముగ్గురు ఫైర్‌మన్లు టీ కోసం పొద్దుగూకేదాకా కూర్చున్నారు. ఒక్కడూ కేకెయ్యలేదు.